జాగ్రత్త బాబాయ్

కనిగిరిలో ఎవరింట్లో బీరువా కదిలినా దానికంటే ముందు బాబాయ్ కదులుతాడు. ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాడు. లారీ రివర్సు తీస్తున్న చప్పుడు వినపడ్డ ప్రతి ఇంటికీ బాబాయే. మడత నలగని తెల్లచొక్కా, భుజాన తుండు. ఆ తుండు చెమట తుడుచుకోవడానికి కాదు, ఊపడానికి. "లెఫ్ట్ కొయ్... ఇంకా కొయ్... ఆప్!" అని అరుస్తాడు. డ్రైవరు అద్దంలో చూసుకుని తన లెక్కన తాను ఆపుకుంటాడు. ఇద్దరికీ తృప్తే.

పందిరి గుంజ పాతే చోట, బోరు మోటారు పైకి లాగే చోట, వినాయకుణ్ణి ట్రాక్టరెక్కించే చోట ఆయన ఉండి తీరతాడు. చెయ్యి మాత్రం వెయ్యడు. ఓ కుర్రాడు ఉండబట్టలేక "నువ్వూ ఓ పట్టు పట్టు బాబాయ్" అంటే, "నేనూ వంగితే చూసేదెవర్రా?" అన్నాడు. కాదనడానికి ఎవరికీ మాట దొరకలేదు.

అలాంటి బాబాయ్ జీవితంలోకి పియానో వచ్చింది.

పామూరు రోడ్డులో కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు మద్రాసు నుంచి సామానుతో పాటు దాన్నీ దింపారు. మద్రాసు వాళ్లకిది వింత కాదు. మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ వాళ్ల కొట్టు 1842 నాటిది. మేం మాత్రం భజన మందిరం హార్మోనియం దగ్గరే ఆగిపోయినవాళ్లం. దుప్పటి తీసి మూత ఎత్తగానే బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. 88 మెట్లు, అందులో 36 నల్లవి. "ఏందబ్బాయా, ఇంకా కనిగిరి నీళ్లు తాగనే లేదు, అప్పుడే ముప్పైయారు పళ్లు పోయినాయా!" మా ఊరి ఫ్లోరైడ్ సంగతి తెలిసినవాళ్లు నవ్వారు. తెలిసీ నవ్వలేని ముసలాళ్లు ఇద్దరు నోరు మూసుకున్నారు.

బరువు 250 కిలోలని ఇంటాయన చెప్పాడు. "టిక్కీల్లో చెప్పండి సామీ" అన్నాడు హమాలీల మేస్త్రి. గుంటూరు యార్డులో మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, మోసిన చేయి అతనిది. టిక్కీకి నలభై కిలోల పైచిలుకు, అంటే ఆరు టిక్కీలు. "ఓస్, ఇంతేనా!" అన్నాడు బాబాయ్. మేస్త్రి అనలేదు. టిక్కీ ఒక్కడి వీపున కూర్చుంటుంది. ఇది నలుగురూ ఒక్కసారి లేవనెత్తాలి. పైగా నిలువు పియానోకి బరువంతా వెనకవైపే. లోపలున్నది పోత ఇనుప చట్రం. దానికి బిగించిన రెండు వందల పైచిలుకు తీగల లాగుడు మొత్తం పదిహేను టన్నులు దాటుతుంది. వెల్లకిలా పడిందంటే కింద ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

"కాళ్లు పట్టుకోండ్రా!" బాబాయ్ ఆజ్ఞ. ముందువైపు కాళ్లు చూపుకే గానీ మోతకు కావు, పట్టి లేపితే ఊడొస్తాయి. మేస్త్రి మారు మాట్లాడకుండా మూతకు తాళం వేయించి, దుప్పట్లు చుట్టి, అడుగున బెల్టు పోనిచ్చి, చక్రాల బల్ల మీదికి నిలువుగానే ఎక్కించాడు. మెట్ల మీద సెంట్రింగ్ చెక్కలు వాల్చాడు. "అదే నేను చెప్పేది" అన్నాడు బాబాయ్.

గృహప్రవేశం ఆవు కూడా అప్పుడే గుమ్మం దగ్గరికి వచ్చింది. ముందెవరు? శాస్త్రం బాబాయ్ చూసుకున్నాడు: ఆవు ముందు, పియానో తర్వాత, అదీ నిమ్మకాయలు తొక్కి. చక్రాల కింద నాలుగు కాయలు పెట్టించాడు. రసానికి చెక్క తడిసి చక్రం జారింది. మేస్త్రి భుజం అడ్డం పెట్టకపోతే పియానో నేరుగా ఆవు వెనకాలే గోమయంలోకి పోయేది. "చూశారా, ఉన్న దిష్టంతా అక్కడే పోయింది!" అన్నాడు బాబాయ్, తుండు దులుపుకుంటూ. మేస్త్రి ఆయన వైపు చూసిన చూపు తెలుగులో అచ్చు వేయదగ్గది కాదు.

లోపల ఎక్కడ పెట్టాలన్న దాని మీద గంట నడిచింది. పడమటి ఎండ కొట్టే గోడ వద్దని ఇంటివాళ్ల పిల్ల అంది. తూర్పుముఖం అని బాబాయ్ అన్నాడు. అదృష్టం, రెండూ ఒక చోటే కుదిరాయి.

శ్రుతి వెంటనే చేయించలేదు. సముద్రపు తేమకు అలవాటు పడ్డ చెక్క మా పొడిగాలికి ఆరి సర్దుకోవాలి, అప్పటిదాకా స్వరం దిగుతూనే ఉంటుంది. "నీళ్లు పడలా" అని బాబాయ్ ఊరంతా చెప్పాడు. మూడు వారాలకు మద్రాసు నుంచి శ్రుతి చేసే పెద్దాయన వచ్చాడు, తెలుగు ముక్క రాదు. బాబాయ్ కుర్చీ లాక్కుని మొదలెట్టాడు: "జాగ్రత్త సామీ, తీగ తెగి కంట్లో పడుద్ది." పెద్దాయన తల ఊపి, ఆయన చేతిలో టార్చిలైటు పెట్టి, ఎక్కడ చూపాలో వేలితో చూపించాడు. బాబాయ్ కాదనేలోపే పని మొదలైంది. ఒక్కో తీగా బిగించి, విని, మళ్లీ బిగించేసరికి పొద్దు తిరిగింది.

మర్నాడు టీకొట్టు దగ్గర బాబాయ్ కుడి భుజానికి జండూబామ్ రాసుకుని కనిపించాడు. పియానో ఎంత బరువో ఆయన్నే అడగాలిట.