చేవ: ఒక టేకు దూలం ఆత్మకథ

నేను టేకు దూలాన్ని. పన్నెండు అడుగుల పొడవు, అరడుగు వెడల్పు. ఆదిలాబాద్ అడవిలో మొలిచి, రెజిమెంటల్ బజార్‌లో ఒక వాటాల ఇంటి కప్పు కింద నాలుగు తరాలు నిలబడ్డాను. ఇల్లు కూల్చేశాక బోయిగూడలో ఒక కలప డిపోకి తెచ్చి, నేల తడి తగలకుండా రెండు రాళ్ళ మీద పడుకోబెట్టారు. కోసిన మొన మీద వలయాలు లెక్కపెడితే వందకి కాస్త తక్కువ వస్తాయి. అది నన్ను నరికేనాటి వయసు. నరికాక బతికిన కాలమే ఎక్కువ. కలపతో ఇల్లు కడితే అడవికి చేటనీ, నలుగురూ వాడుకునే వాకిలి గతిలేనివాళ్ళ ఏర్పాటనీ జనంలో రెండు నమ్మకాలు పాతుకుపోయాయి. రెండూ తప్పనడానికి నా ఒంటి మీదే రుజువుంది. ఇంతకాలం నన్ను కాపాడింది ఆ పంచుకున్న వాకిలే.

సికింద్రాబాద్ 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు ఊరు. పటాలాలను నమ్ముకుని పెరిగిన బజారు కాబట్టి మా పేటకి రెజిమెంటల్ బజార్ అన్న పేరు. 1874లో రైలొచ్చాక స్టేషను పక్కనే ఉన్న మా వీధుల్లో అద్దెకి దిగేవాళ్ళు పెరిగారు, స్థలం చాలలేదు. మా ఇంటి కట్టుబడి ఆ ఇరుకులోంచే పుట్టింది: వీధి వైపు దుకాణం, వెనక చిన్న చిన్న వాటాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ వసారా, మూలన బావి, పైన అందరి మిద్దె. కప్పేమో మేస్త్రీలు మద్రాసు టెర్రస్ అని పిలిచే రకం. గోడ నుంచి గోడకి దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద ఐమూలగా నిలబెట్టిన పలచటి ఇటుకలు, డంగు సున్నం, ఆపైన దిమ్మిసతో కొట్టిన గచ్చు. కలపకి శత్రువు వయసు కాదు, ఆరని తడి. ఒంట్లో తేమ 20 శాతం దాటనంతకాలం మాకు కుళ్ళు పట్టదు. అందుకే గోడలోకి దిగిన నా రెండు చివరల చుట్టూ మేస్త్రీ వేలు దూరేంత సందు వదిలాడు. వాకిలి వేడిగాలిని పైకి పంపి, వసారాలోకి చల్లగాలిని లాగేది. అంతకన్నా ముఖ్యం, నన్ను చూసే కళ్ళుండేవి. వసారా అందరిదీ కావడంతో గోడ వెంట చెదల మట్టిగీత పాకితే సాయంత్రానికల్లా ఏదో ఒక వాటావాళ్ళ కంటపడేది. మిద్దె మీద వడియాలు పెట్టుకునేవాళ్ళే గచ్చు నెర్రెలిచ్చిన చోట తొలకరికి ముందే సున్నం పూయించేవాళ్ళు. తర్వాత్తర్వాత తూర్పు వైపు వసారాని గోడ కట్టి ఒక వాటాలో కలిపేశారు, గోడ సందు సిమెంటుతో పూడ్చేశారు. ఆ చివర ఇప్పుడు నొక్కితే గోరు దిగుతుంది. మిగతా ఒళ్ళంతా చేవే, ఉలి కూడా కష్టం మీద దిగుతుంది. ఒకే చెట్టు, ఒకే కప్పు. గాలీ చూపూ అందిన మేర గట్టిగా ఉన్నాను, అందని మేర మెత్తబడ్డాను.

అడవి మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. నా తరం దూలాల కోసం అడవి చాలా పోగొట్టుకుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కలపని నిషేధించింది ఆ భయంతోనే. 2020లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఎత్తేయడమే సబబని నా అభిప్రాయం, ఎందుకంటే కలప మానేసినా ఇళ్ళు కట్టడం ఆగదు, సిమెంటూ స్టీలూ పెరుగుతాయి. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు 7 శాతం ఒక్క సిమెంటు తయారీదే. సున్నపురాయిని కాల్చినప్పుడు పొయ్యి పొగతో పాటు రాయిలో ఉన్న వాయువూ బయటికొస్తుంది. ఎండిన కలప బరువులో సగం కార్బనే. ఘనపు మీటరు టేకులో టన్నుకి పైగా కార్బన్ డయాక్సైడు కట్టుబడి ఉన్నట్టు లెక్క. అయితే కొట్టిన చోట మళ్ళీ నాటాలి, నరికింది తరాల తరబడి వాడాలి. అప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. ఖమ్మం, ప్రకాశం జిల్లాల రైతులు జామాయిల్, సుబాబుల్ చెట్లని పొలాల్లోనే పెంచుతున్నారు. అందులో పెద్ద భాగం కాగితపు గుజ్జుకి పోతోంది, కాగితం నాలుగు రోజుల్లో చెత్తవుతుంది. పొలంలో పెరిగిన చెట్టుకి ఇంటి దూలమయ్యే దారి చూపడం అడవికి మేలే. సన్నటి పలకల్ని అడ్డంగా నిలువుగా అతికించి గోడలంత దిమ్మెలు చేసే పద్ధతి ఇప్పుడుంది. లండన్ మరే గ్రోవ్‌లో 2009లో 9 అంతస్తుల్లో 29 ఫ్లాట్లు అలా లేచాయి, కింది అంతస్తు మాత్రం కాంక్రీటు. నార్వేలోని బ్రుముండాల్‌లో 2019లో ముఖ్యంగా కలపతో 18 అంతస్తులు, 85 మీటర్ల ఎత్తున కట్టారు. అక్కడి స్ప్రూస్ కలపని ఓడల్లో తెప్పించి ఇక్కడ అంతెత్తు కట్టాలని నేననను, ఖర్చు మోయలేం. చెదలకి అందకుండా కింద రాయో కాంక్రీటో వేసి, పైన మూడు నాలుగు అంతస్తులు పొలం కలపతోనూ, కూల్చిన ఇళ్ళ దూలాలతోనూ కట్టుకుంటే మా పేటకి సరిపోతుంది.

అడవి గురించిన భయం కన్నా నిప్పు భయం పెద్దది. 2022 జనవరిలో సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం కాలిపోయింది, నాలాంటి కలప అందులో చాలా ఉంది. ఆ సంగతి నేను దాచను. అదే ఏడాది మార్చిలో ఈ బోయిగూడలోనే తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. మరుసటి ఏడాది మార్చిలో ఇదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పొగకి ఊపిరాడక పోయారు. అది కాంక్రీటు భవనం. మందపాటి దూలం మెల్లగా కాలుతుంది, గంటకి మూడు నాలుగు సెంటీమీటర్లు. పైన పేరుకున్న బొగ్గే లోపలి చేవకి కాపు కాస్తుంది. స్టీలు 600 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుంటుంది. మనుషుల ప్రాణం తీసేది ఎక్కువగా పొగ, బయటపడే దారి లేకపోవడం. ప్రతి గది తలుపూ ఆకాశం కింది వసారాలోకి తెరుచుకునే ఇంట్లో పొగ నిలవదు, దారి వెతుక్కునే పనీ ఉండదు. కలపతో కట్టేవాళ్ళు నీటి జల్లు గొట్టాలూ, రెండో మెట్లదారీ పెట్టి తీరాలి. ఇందులో బేరం లేదు.

పంచుకునే చోటు మీదా ఫిర్యాదులున్నాయి, చాలావరకు నిజాలే. ఒకే మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళ అవస్థని పాతకాలపు అందం కింద కప్పిపెట్టకూడదు. కులం అడిగి వాటాలిచ్చిన రోజుల్నీ మరిచిపోకూడదు. వంటిల్లు, స్నానాలగది ఎవరివి వాళ్ళకుండాలి. మిద్దె, వసారా, పండగకి పదిమంది కూర్చునే హాలు, బట్టలారేసే చోటు అందరివీ కావాలి. నార్వేలోని స్టావంజర్‌లో 2019 నాటి విండ్‌మోలెబాకెన్ ఇలాగే కట్టిన కలప ఇళ్ళ సముదాయం. నలభై ఇళ్ళు తమ వైశాల్యం కాస్త తగ్గించుకుని 500 చదరపు మీటర్ల ఉమ్మడి స్థలం సంపాదించుకున్నాయి. ఇంటింటికీ అతిథుల గది కట్టనక్కర్లేకపోతే ఆ మేరకి కలపా సిమెంటూ మిగులుతాయి. మన అపార్టుమెంట్లలోనూ ఉమ్మడి స్థలం ఉంది, కానీ సెల్లారంతా కార్లు, మిద్దెకి తాళం. ఎవరూ వెళ్ళని మిద్దె మీద నీరు నిలిస్తే కింది ఫ్లాటు కప్పు కారేదాకా తెలియదు. కాంక్రీటు ఆ నిర్లక్ష్యాన్ని కొన్నాళ్ళు భరిస్తుంది, నేను భరించలేను. అందుకే కలప ఇల్లు కట్టాలనుకునేవాళ్ళు ఎన్ని గదులని ఆలోచించేముందు నలుగురూ రోజూ నడిచే చోటు ఎక్కడో నిర్ణయించుకోవాలి.

డిపో పనివాడు నాలోంచి మేకులు పీకుతున్నాడు, ఒక్కటి మిగిలినా బ్యాండ్ రంపం పళ్ళు విరుగుతాయి. ఉయ్యాల కొక్కెం మాత్రం ఇంకా ఊడలేదు, చుట్టూ తుప్పు కలపలోకి ఇంకి నల్లటి మచ్చ కట్టింది. ఇందాక టేపు పెట్టి కొలిచి తూర్పు చివర సుద్దతో గీత గీశాడు. గీతకి అవతలి రెండడుగులు పొయ్యిలోకి, ఇవతలి పదడుగులు రంపానికి.