గురువారం గారికి ఒక మధ్యాహ్నపు ప్రేక్షకురాలి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గురువారం గారికి,

తెనాలి నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా టీవీలో మాత్రం ఎవరూ క్షేమంగా లేరు. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మా వీధిలో అందరూ సీరియల్ దర్శకుణ్ణి తిడతారు, లేదంటే రచయితను. మరీ ఒళ్లు మండితే విలన్ వేషం వేసిన అమ్మాయిని. ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం! పాయసంలో విషం కలపమని రాసిస్తే కలుపుతుంది. రాసినవాడికి చెప్పింది చానెల్. చానెల్‌కు చెప్పింది తమరు. శనివారం మొదలు శుక్రవారం దాకా జనం ఏం చూశారో కట్టిన లెక్క ఆ పై గురువారం బయటపడుతుంది కదా. ఆ అంకె బాగుంటే కథ అక్కడే తిరుగుతుంది, బాగోకపోతే చచ్చినవాళ్లు లేస్తారు. అందుకని మధ్యలో వాళ్లనెందుకు అనాలి, ఏకంగా తమరికే విన్నవించుకుందామనుకున్నాను.

మామూలు జనానికి మీరంటే బాబా గుడి, రాఘవేంద్రస్వామి మఠం, దక్షిణామూర్తికి శనగల దండ. మా అత్తగారు మీ పేరు మీద ఒంటిపొద్దు ఉంటారు కూడా. ఈ రెండో ఉద్యోగం సంగతి ఆవిడకు ఈ మధ్యే చెప్పాను. నమ్మలేదు.

లెక్క కట్టేది బార్క్ అనే సంస్థ. 2015 నుంచి అంకెలు ఇస్తోంది. టీవీ ఉన్న ఇళ్లు దేశంలో 21 కోట్లని 2020 నాటి వాళ్ల అంచనా. మీటరు పెట్టెలు ఉన్న ఇళ్లు యాభై వేల పైచిలుకు. అంటే ఒక్కో పెట్టె దాదాపు 4 వేల ఇళ్ల తరఫున మాట్లాడుతుందన్నమాట. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు, కాదనను. ఆ ఇళ్లేవో బయటికి చెప్పరు, చెప్పకూడదు కూడా. ఫలానా చానెల్ పెట్టుకోమని కొన్ని మీటరు ఇళ్లకు డబ్బులిచ్చారన్న ఆరోపణ మీద 2020లో ముంబై పోలీసులు కేసు పెడితే, వార్తా చానెళ్ల రేటింగులే ఆగిపోయాయి. 2022 మార్చి దాకా మళ్లీ రాలేదు. సీరియళ్ల లెక్క మాత్రం ఆగలేదు. దేశానికి ఏది ముఖ్యమో పెద్దలకు తెలుసు.

ఆ పెట్టె పనిచేసే తీరు తెలిశాక నాకు దానితో చుట్టరికం పుట్టుకొచ్చింది. అది బొమ్మను చూడదు. చానెల్‌వాళ్లు శబ్దంలో మన చెవికి అందని గుర్తు ఒకటి కలిపి పంపితే, దాన్ని పట్టుకుని ఇది ఫలానా చానెల్ అని రాసుకుంటుంది. అంటే సీరియల్‌ను వింటుంది. నేనూ అంతే! మధ్యాహ్నం టీవీ హాల్లో ఉంటుంది, నేను వంటింట్లో ఉంటాను. ఉరుము ఉరిమితే అత్తగారి నోటి నుంచి మాట వచ్చిందని అర్థం. వీణ మోగితే కోడలు దేవుడి గదిలో ఉంది. పాలగ్లాసు పగిలిన చప్పుడైతే తలుపు చాటున ఎవరో ఏదో వినకూడనిది విన్నారు. అంతా నిశ్శబ్దమై గుండె కొట్టుకుంటున్న శబ్దం ఒక్కటే వస్తే, ఆస్పత్రి. ‘ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం’ అని డాక్టరు అనేలోపు నేను చింతపండు నానబెట్టేసి వస్తాను, ఎందుకంటే ఆ ఇరవై నాలుగు గంటలు మాకు పదిహేను రోజులు. ఎవరు ఏ చీర కట్టుకున్నారన్నది మాత్రం మా అత్తగారు హాల్లోంచి చెబుతారు. పడుకోబోయే ముందు కూడా పట్టుచీరేనట.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. మీటరున్న ఇంట్లో ఎవరు చూస్తుంటే వాళ్లు తమ పేరున ఉన్న బొత్తాం నొక్కాలి. పిండి కలుపుతున్న చేత్తో హాల్లోకొచ్చి బొత్తాం నొక్కే ఇల్లాలు ఎవరండీ? మధ్యాహ్నం సీరియల్‌ను సగం మంది ఆడవాళ్లు చెవులతోనే చూస్తారు. మీ ఖాతాలో వాళ్లు లేరు. సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటున్న మా మరిది ఉంటాడు.

ఇక అసలు కేసు కార్తీకదీపం. అది రాత్రి ఏడున్నర సీరియల్ కదా, మధ్యాహ్నంవాళ్లకెందుకు అంటారేమో. తమరి అధికారం ఎంతదో దాంట్లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించలేదు గనక.

2017 అక్టోబర్ 16న మొదలైంది. మలయాళంలో కరుత్తముత్తు పేరుతో నడిచిన కథ. అక్కడా మొదట ప్రేమి విశ్వనాథే నాయిక, ఇక్కడా ఆవిడే దీప. ఒంటి రంగు వల్ల చిన్నచూపుకు గురైన ఆడపిల్ల, వంటచేసి బతుకుతుంది, అందుకని వంటలక్క. అందానికీ తెల్లతోలుకీ ప్రాణమిచ్చే అత్త సౌందర్య మెల్లమెల్లగా ఆ కోడలి పక్షానికి వస్తుంది. తెలుగు టీవీలో అత్త మనసు మారడం అంత ఓపికగా చూపించిన సీరియల్ ఇంకోటి నాకు గుర్తుకురావడం లేదు. రంగు గురించి మన ఇళ్లలో పెళ్లిచూపుల నాడు గుసగుసగా అనే మాటలను గట్టిగా అనిపించారు, అన్నవాళ్లు సిగ్గుపడేలా అనిపించారు. ఇంతా చేసి ఆ పాత్ర వేసినావిడకు నల్లరంగు పూశారు. నల్లపిల్ల కష్టం చెప్పడానికి నల్లపిల్ల దొరకలేదా అత్తా అని మా మేనకోడలు అడిగితే, కాఫీ కలుపుకుని వస్తానని లేచి వెళ్లాను. అయినా మొదటి రోజుల కార్తీకదీపం నాకిష్టం. అది ఒక విషయం మీద నిలబడి మాట్లాడింది.

తర్వాత అంకెలు పెరిగాయి. తెలుగులో మొదటి స్థానం. మొదటి స్థానంలో ఉన్న సీరియల్‌కు విషయం అక్కర్లేదు, చిక్కుముడి చాలు. రంగు వెనక్కిపోయి అనుమానం ముందుకొచ్చింది. దీప భర్త డాక్టర్ బాబుకు పిల్లలు పుట్టే అవకాశం లేదని విలన్ మోనిత నమ్మించింది, కాబట్టి భార్య కడుపులో బిడ్డ తనది కాదనుకున్నాడు. కవలలు హిమ, సౌర్య చెరో చోట పెరిగారు. చదువుకున్న డాక్టరు, చుట్టూ ఆస్పత్రులు. డీఎన్ఏ పరీక్ష చేయించుకోవయ్యా అని రెండు రాష్ట్రాలూ అరిచాయి. మా కూరగాయల ఆవిడకు డీఎన్ఏ అంటే ఏమిటో ఆ సీరియల్ వల్లే తెలిసింది. ఒక్క డాక్టరుకే గుర్తుకు రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. పరీక్ష చేయించుకుంటే సీరియల్ అయిపోతుంది, అయిపోతే గురువారం నాడు తమరికి నైవేద్యం ఏముంటుంది?

2022 మార్చిలో దీపనూ డాక్టర్ బాబునూ కారు ప్రమాదంలో చంపేశారు. పిల్లలు పెద్దవాళ్లైపోయి కొత్త మొహాలొచ్చాయి. మా పక్కింటి వదినగారు నిజంగానే ఏడ్చింది, నేనూ కొంచెం. మా అత్తగారు మాత్రం కంటతడి పెట్టలేదు. ‘శవాలు చూపించారా?’ అని అడిగారు. లేదన్నాను. ‘అయితే చావలేదు’ అని తమలపాకు నోట్లో పెట్టుకున్నారు. రేటింగులు జారిపోతున్నాయని పత్రికలు రాశాయి. ఆగస్టుకు వంటలక్క బతికే ఉంది. డాక్టర్ బాబూ బతికే ఉన్నాడు, కాకపోతే గతం గుర్తులేదు. మా అత్తగారి ముందు ఆ వారమంతా మేము తలెత్తుకోలేకపోయాం. 2023 జనవరి 23న, పదిహేను వందల ఎపిసోడ్లు దాటాక, సీరియల్ ముగిసింది. మర్నాడు అదే ఏడున్నరకు బ్రహ్మముడి వచ్చి కూర్చుంది. ఏడాది తిరిగాక, 2024 మార్చిలో, అదే జంటతో అదే పేరుతో ఇంకో కార్తీకదీపం, ఇంకో కథ. యమధర్మరాజుగారికి కూడా ఇంత చనువు లేదండీ ప్రాణాలతో.

చనిపోయారంటే చనిపోనివ్వండి. నాకు కావలసింది అంతే. ఒకసారి ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకోలేం కదా.

సాగదీత గురించి నేను ఫిర్యాదు చేస్తానని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. చెయ్యను. చదువుకున్నవాళ్లంతా సీరియళ్లను తిట్టేది అందుకే, నాకు నచ్చేదీ అదే. అమెరికాలో గైడింగ్ లైట్ అని ఒకటి 1937లో రేడియోలో మొదలై, తర్వాత టీవీకెక్కి, 2009 దాకా పగటి పూటే నడిచింది. 72 ఏళ్లు! అవ్వ మొదలుపెడితే మనవరాలు ముగించింది. మన ఈటీవీ అభిషేకం 2008 డిసెంబరులో మొదలై 2022 ఫిబ్రవరి దాకా, 4 వేల ఎపిసోడ్లు. నిర్మాత దాసరి నారాయణరావు గారు 2017లో కన్నుమూశారు. సీరియల్ ఆ తర్వాత కూడా నాలుగేళ్లకు పైగా నడిచింది. దాని గురించి పత్రికల్లో పెద్దగా రాయలేదు, కుర్రాళ్లు ఫోన్లలో వెక్కిరింపు బొమ్మలు చేయలేదు. మధ్యాహ్నం వచ్చింది, వెళ్లింది. భోజనాలయ్యాక ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుండేది.

మెల్లగా నడిచే సీరియల్‌లో ఒక సుఖం ఉంది. అది మన పంచాంగం ప్రకారం నడుస్తుంది. శ్రావణమాసంలో వాళ్లింట్లోనూ వరలక్ష్మీవ్రతం, సంక్రాంతికి వాళ్ల ముంగిట్లోనూ గొబ్బెమ్మలు. మా మామగారు పోయిన ఏడాది మా ఇంట్లో పండగల్లేవు. ఉగాది పచ్చడి టీవీలోనే కలిపారు. కలుపుతున్న కోడలికి మా అత్తగారు సోఫాలోంచి, ‘వేపపువ్వు ఎక్కువేశావు, చాల్లే’ అని చెప్పారు. ఆ పూట కథ అంగుళం కదల్లేదు. అంతకంటే మంచి ఎపిసోడ్ నేను చూడలేదు. ఆ వారం మీ అంకె ఎంత వేశారో!

నా బాధ సాగదీత కాదు, కుదుపు. మెల్లగా పోతున్న కథ ఉన్నట్టుండి ఒక సోమవారం ఎగిరిపడుతుంది. నెమ్మదస్తురాలైన వదిన రాత్రికి రాత్రి కత్తి నూరుతుంది. హీరోను పోలిన మనిషి ఊళ్లో దిగుతాడు. రెండు సీరియళ్ల కుటుంబాలు ఒకే గుళ్లో కలుసుకుని మహాసంగమం అంటాయి. మా అత్తగారు వెంటనే అనేస్తారు, పోయిన గురువారం ఎవరికో దెబ్బ తగిలిందని. ఇంకో సంగతి కూడా గమనించాను. ఏడున్నరకు రాజ్యమేలిన బ్రహ్మముడి కూడా ఆ తర్వాత మధ్యాహ్నం ఒంటిగంటకు మారింది. రాత్రివాళ్లకు పాతబడ్డ సీరియల్‌ను పగటివాళ్లకు పంపిస్తారన్నమాట. దానికి మాకేం నామోషీ లేదు. మా దగ్గరికొచ్చాక దాన్ని కుదపకండి, అంతే.

మరి ఏం చేయాలంటారా? ఆ మీటరుకు ఇంకో రెండు బొత్తాలు పెట్టించండి. ఒకటి ‘వింటున్నాను’. రెండోది ‘తిట్టుకుంటూ చూస్తున్నాను’. ఇప్పుడు ఇష్టంగా చూసినా, పళ్లు కొరుకుతూ చూసినా మీ లెక్కలో ఒకటే. డీఎన్ఏ, డీఎన్ఏ అని అరుస్తూ చూసిన ఇళ్లన్నీ మీ ఖాతాలో భక్తుల కింద జమయ్యాయి. ఆ రెండో బొత్తాం అప్పుడే ఉండుంటే డాక్టర్ బాబు ఎప్పుడో లాబొరేటరీకి వెళ్లొచ్చేవాడు. ప్రకటనల గురించి కూడా అడుగుదామనుకున్నాను. గంటకు పన్నెండు నిమిషాలు మించకూడదని నిబంధన ఉంది కదా. కానీ మా ఇంట్లో కుక్కరు దించడం, బట్టలు ఆరేయడం, ఫోనెత్తడం అన్నీ ఆ నిమిషాల్లోనే. వాటి జోలికి వెళ్లకండి.

మా అత్తగారు పక్కన కూర్చుని ఇంకో మాట రాయమంటున్నారు. ఇప్పుడు చూస్తున్న సీరియల్‌లో పిల్ల పెళ్లి పీటల మీదే రెండుసార్లు ఆగింది. మూడు ముళ్లు పడబోయే సమయానికి గుమ్మం దగ్గర ఎవరో ‘ఆపండి’ అంటారు. రెండుసార్లూ గురువారం మధ్యాహ్నమే పెట్టారట ముహూర్తం. గురువారం ఒంటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం, అప్పుడు పెట్టిన పెళ్లి ఆగక ఏమవుతుంది అని ఆవిడ వాదన. పంచాంగం తీసి ఆవిడే చూశారు. ఆషాఢం వెళ్లనిచ్చి, శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున్న పదిన్నర లోపు కానిచ్చేయమంటున్నారు. పిల్ల పెద్దదైపోతోంది, ఆ వేషం వేసే అమ్మాయిని ఈ ఏడాదిలో ఇప్పటికే ఒకసారి మార్చారు, ఈసారి పెళ్లయ్యేదాకా మార్చవద్దని మరీ మరీ రాయమన్నారు.

ఇట్లు,
బొత్తాం నొక్కని ప్రేక్షకురాలు,
తెనాలి