97 శాతం బావగారు

2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన తిరువూరుకు మామిడితోటలున్నాయి, జాతీయ రహదారి ఉంది, రైల్వే స్టేషన్ మాత్రం లేదు. అందువల్ల అక్కడివారి కాశీయాత్ర మైలవరం మీదుగా విజయవాడ పోయే బస్సెక్కడంతో మొదలవుతుందని సామాన్యులు అనుకుంటారు. కాపీ బావగారి యాత్ర అంతకు మూడు రోజుల ముందే, ల్యాప్‌టాప్ ట్రేలో తొలి డిస్కు పెట్టిన క్షణాన మొదలవుతుంది. దారిలో చూడటానికని సినిమా డిస్కులను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పనిని కులవృత్తిలా స్వీకరించిన పురుషుడిని కాపీ బావగారు అనవచ్చు. ఇటువంటివాడు ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు.

డిస్కునే నేరుగా దారిలో ఆడించవచ్చు కదా అని మరదళ్ళు అడిగితే ఆయన వద్ద శాస్త్రీయమైన సమాధానం సిద్ధంగా ఉంటుంది. డీవీడీలో సమాచారం చుట్టలు చుట్టుకున్న సన్నని జాడగా ఉంటుందనీ, వరుసకూ వరుసకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లే కనుక ఒక వెంట్రుక మందంలో సుమారు వంద వరుసలు పడతాయనీ, గతుకుల్లో ఎగిరే బస్సులో లేజరు కిరణం ఆ జాడను పట్టుకోలేదనీ, పైగా డిస్కును తిప్పే మోటారు బ్యాటరీని తాగేస్తుందనీ ఆయన వివరిస్తారు. చెప్పినదంతా నిజమే, విస్తట్లో వంకాయ కూర చల్లారిపోయేదాకా చెప్పడమొక్కటే దోషం.

ఆయన భాండాగారం ఎక్కువగా 2007 ప్రాంతంలో, మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకూ డీవీడీని 34 రూపాయలకూ అమ్మిన రోజుల్లో పెరిగింది. వీసీడీ, అంటే మామూలు సీడీలోనే దాదాపు 74 నిమిషాల బొమ్మ పట్టించే పాత పద్ధతి. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ వంటి దాదాపు నాలుగు గంటల సినిమాను ఆ పద్ధతిలో చూడాలంటే ఒకరు మాటిమాటికీ లేచి డిస్కు మార్చవలసి ఉంటుంది, ఆ లేచే హక్కును ఆయన ఏనాడూ మరొకరికి ఇవ్వలేదు.

ఇక అసలు క్రతువు. డిస్కును కేంద్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలని పదిమందికి ఉపదేశించే బావగారు, తన వంతు వచ్చేసరికి నోటితో ‘హా’ అని ఆవిరి పట్టి, లుంగీ అంచుతో దోసె తిప్పినట్టు గుండ్రంగా తిప్పి తుడుస్తారు. ఒకే పొర ఉన్న డిస్కులో సమాచారం లోపలి నుంచి అంచు వైపుకు రాసి ఉంటుంది కనుక, వేళ్ళ మరకలకూ గీతలకూ ముందుగా గురయ్యేది సినిమా ఆఖరి ఘట్టమే. అందుచేత కాపీ 97 శాతం దాకా సాఫీగా నడిచి, అక్కడ నిలిచి, చదివిన అంకెల లెక్క కుదరలేదని చెప్పే ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనే దోషసూచనను చూపుతుంది. లోపలి గదిలోంచి “ఏవండీ, బస్సు టైమైపోతోంది, ఆ పులిహోర డబ్బా అయినా సంచీలో పెడతారా?” అన్న కేక వినిపిస్తుంది. “97 అయింది, ఆగవే” అన్న జవాబు మూడు రోజులుగా మారలేదు.

ఇది చట్టసమ్మతమేనా అన్న అల్లుడి సందేహానికి, 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి ఇచ్చిన వెసులుబాటును ఆయన వల్లిస్తారు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కుకు వేసిన సాంకేతికపు తాళాన్ని తీయడం నేరం కదా అంటే, తన ఉద్దేశం కాశీయాత్ర మాత్రమేనని బదులిస్తారు. దీనికి న్యాయశాస్త్రంలో ఖండన ఉందేమో గాని ఆ ఇంట్లో లేదు.

ఇంత శ్రమపడి నలభై సినిమాలు మోసుకుపోయే మనిషి దారిలో చూసేది ఒక్కటే, 1957 నాటి ‘మాయాబజార్’. సినిమా మూడు గంటలు దాటుతుంది, ఆ పాత బ్యాటరీ రెండు గంటలకే కన్ను మూస్తుంది. ఘటోత్కచుడు విందుకు కూర్చోకముందే తెర నల్లబడుతుంది, బావగారు నిట్టూర్చి పులిహోర డబ్బా తెరుస్తారు. నిజానికి ఆయనకు సినిమా మీద కంటే కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే పచ్చని గీత కుడివైపుకు పాకడం మీదనే మక్కువ ఎక్కువన్నది బంధువుల తీర్మానం. దానిపై సంతకం పెట్టిన ఈ వ్యాసకర్త హార్డ్ డిస్కులో కూడా ‘తీరికగా చూడవలసినవి’ అనే ఫోల్డరొకటి ఏళ్ళ తరబడి తెరవకుండా ఉన్నదనీ, అందులోని సరుకంతా బావగారి వద్ద తెచ్చుకున్నదేననీ ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. బావగారు యూఎస్‌బీ తీగతో తగిలించే డ్రైవు ఒకటి కొన్నారు. మరీ గీతలు పడిన డిస్కులు మాత్రం పిట్టలను బెదిరించడానికి మామిడికొమ్మలకు వేలాడుతున్నాయి, వాటికీ ముందుగా కాపీలు తీశారు. విజయవాడలో ఉత్తరాది రైలెక్కే పాఠకులలో ఎవరికైనా చార్జింగ్ సాకెట్ పక్క సీటు దొరికితే, ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకున్న ఒక పెద్దమనిషిని ఓ గంటసేపు అక్కడ కూర్చోనివ్వగలరు. ఘటోత్కచుడి విందు ఆయన ఇంకా చూడవలసి ఉంది.