తెగని బెల్టు మహాత్మ్యము

మన కారు యజమానులలో ఒక దర్శనము మిక్కిలి ప్రబలియున్నది. చార్వాకునికి వలెనే వీరికిని ప్రత్యక్షమొక్కటే ప్రమాణము; "టైమింగ్ బెల్టు ఇంకా తెగలేదు గనుక బాగుగానే యున్నది" యనునది వీరి ఏకైక సూత్రము. ఇన్ని వేల కిలోమీటర్లకు గాని, ఇన్ని యేండ్లకు గాని, రెంటిలో ఏది ముందు వచ్చిన అప్పుడే దానిని మార్చవలెనని కారుతోపాటు ఇచ్చిన పుస్తకము చెప్పుచునే యున్నది. ఆ పుస్తకము మాత్రము ఇన్సూరెన్సు కాగితముల క్రింద, కవరైనను చింపబడక, సుఖనిద్ర పోవుచున్నది.

పాత అంబాసిడరులో ఈ బెల్టు పని ఇనుప చైను చేసెడిది. 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 కారునందు చైనునకు మారుగా పండ్ల రబ్బరు బెల్టును అమర్చినది. చప్పుడు తగ్గెను, బరువు తగ్గెను. యజమానుల జ్ఞాపకశక్తియు ఆ నిష్పత్తిలోనే తగ్గెనేమో! మన వీధులలో తిరిగిన ఇండికా డీజిలునకును, డస్టర్ డీజిలునకును ఈ బెల్టే ఆధారము. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగునట్లు చూచుట దాని ధర్మము. నిమిషమునకు 3,000 చుట్ల వేగమున ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 మారులు తెరచి మూయబడును. ఆ క్షణమున బెల్టు తెగినచో క్యాము నిలిచిపోవును, తెరచిన వాల్వు తెరచినట్లే యుండును, పిస్టను మాత్రము ఆగక పైకి వచ్చి దానిని ఢీకొనును.

ఇంతటి వస్తువును మనవారు పరీక్షించు విధము చూడదగినది. మెకానిక్కు పై కవరు బోల్టులు విప్పి, సెల్‌ఫోను దీపము పట్టి, కనబడిన జానెడు ముక్కను బొటనవ్రేలితో అదిమి, నాడి చూచిన వైద్యుని వలె కన్నులు మూసి, "ఇంకో పదివేలు లాగుద్దన్నా" యని తీర్పు చెప్పును. బలమంతయు రబ్బరు లోపలి గాజునార త్రాళ్ళలో నుండగా వ్రేలికి తెలియునది రబ్బరు వీపు మాత్రమే! "బండి తిప్పిందే తక్కువ కదా" యని యజమాని తన వంతు సాక్ష్యము పలుకును. షెడ్డులో నిలిపినంత మాత్రమున రబ్బరునకు వార్ధక్యము రాదని వీరికెవరు వరమిచ్చిరో తెలియదు.

ఇక మార్చుటకు సిద్ధపడిన పుణ్యాత్ముల వివేకము వేరొక తరగతికి చెందినది. విజయవాడ ఆటోనగర్ అంగడిలో పాత బెల్టు ప్రక్కన క్రొత్తది పెట్టి, పండ్లు లెక్కించి, వెడల్పు కొలిచి, సంఖ్య సరిపోయినదని సంతసించి, కంపెనీ మాలు విడిచి చవుక మాలు కొందురు. పండ్ల సంఖ్య యొకటేయైనను పండ్ల ఆకృతి వేరుగా నుండవచ్చునన్న సంగతి బేరమాడు ఉత్సాహములో స్ఫురింపదు. అటుపిమ్మట టెన్షనరు, ఐడ్లరు మాట వచ్చును. "అవి తిరుగుతూనే ఉన్నాయిగా, ఎందుకు దండగ?" అందురు. అవియును ఆ బెల్టుతోపాటే అన్ని వేల కిలోమీటర్లు తిరిగినవి. వాని బేరింగు బిగిసినచో నిన్న వేసిన బెల్టైనను నేడు తెగును. పెక్కు ఇంజనులలో వాటర్ పంపును త్రిప్పునదియు ఈ బెల్టే. పాత పంపును మిగుల్చుకొన్నవాడు, అది కారనారంభించిననాడు అవే కవర్లు, అదే బెల్టు, అదే కూలి మరల సమర్పించుకొనును. క్రొత్త బెల్టు వేసిన పిదప క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి మార్కులు సరిచూచుటకు పట్టు కాలము, యజమాని టీ త్రాగు కాలముకంటె ఎక్కువ కాదు. ఆ త్రిప్పుటను అడిగి చూచినవాడు అరుదు.

తెగిన తరువాతి శోకము ఒక్క తీరుననే యుండును. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, చెప్పకుండా తెగిపోయింది!" బెల్టు నోటీసు పంపి తెగునని వీరి నమ్మకము కాబోలు. హెడ్డు దింపుదురు, వంగిన వాల్వులు వరుసగా పేర్చి చూపుదురు, బిల్లు చేతిలో పెట్టుదురు. దోషము మాత్రము దిష్టిమీదికి పోవును. మరునాడు బంపరునకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు వ్రేలాడును. వానిని మాత్రము వారమువారము తప్పక మార్చుదురు.

ఈ దర్శనమునకు పరమపదము సెకండ్ హ్యాండు బజారు. అచ్చట పదేండ్ల నాటి డీజిలు కారు బానెట్టు ఎత్తి, అమ్మువాడు గుండెమీద చేయి వేసికొని, "ఇంజను ఇంతవరకు ముట్టుకోలేదండీ, బెల్టుతో సహా కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది" యని చాటును. కొనువాడు దానిని దోషముగా గాక గుణముగా గ్రహించి, బేరమాడుట మాని, మరి పదివేలు అధికముగా ముట్టజెప్పి తాళము పుచ్చుకొనును.