తలమీద పేరు లేని గిటారు

నన్ను పరీక్షింప వచ్చినవారందరును మొట్టమొదట నా తలవైపు చూతురు. తంతులను బిగించు మరలమరిన ఆ చిన్నపలకమీద చేసినవారి పేరుండుట మా జాతియందు ఆచారము, నాకును ఒకప్పుడుండెను. నడుమ కొంతకాలము నన్ను పోషించిన యజమాని యొకడు, నా ముదిమిని చూచి జాలిపడెనో, తన వేడుక తీర్చుకొనెనో గాని, గరుకుకాగితముతో ఆ పేరును గీకివైచి, తలకును మెడ వెనుకకును నల్లరంగు పులిమెను. నాటినుండి నా పుట్టుపూర్వోత్తరములను ఎవరికి తోచినట్లు వారు చెప్పుచుండ, కాదనుటకు నోరులేక వినుచు వచ్చితిని.

నేను ఆర్చ్‌టాప్ గిటారును. నా ముందుపలక చదునుగా నుండక, వయొలిన్ పలకవలె నడుమ ఉబ్బి అంచులకు వాలియుండును. గుండ్రని రంధ్రమునకు మారుగా ఎఫ్ అక్షరమును బోలిన రెండు చీలికలు ఇరుప్రక్కల నుండును. తంతులను మోయు గుర్రమును పలకకు అంటింపక, తంతుల ఒత్తిడితోనే నిలువబెట్టుదురు. ఈ తొలిచిన పలక పద్ధతిని గిటారునకు తెచ్చినవాడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణమందు పనిచేసిన ఆర్విల్ గిబ్సన్. అతని పేర 1902లో కంపెనీ యేర్పడెను; అందు 1922లో, లాయిడ్ లోర్ అను వాద్యజ్ఞుని పర్యవేక్షణమున, ఎఫ్-రంధ్రములు గల ఎల్-5 వెలువడెను. బాకాలును డ్రమ్ములును చెలరేగు నృత్యబృందములలో, విద్యుత్తు సాయము లేని ఆ దినములలో, లయ తప్పకుండ వినబడగల తంతివాద్యము కావలసియుండెను గనుక మాకు గిరాకి కలిగెను. కౌంట్ బేసీ జాజ్ బృందమున 1937లో చేరిన ఫ్రెడ్డీ గ్రీన్ మహాశయుడు అర్ధశతాబ్దము మా జాతి గిటారునే వాయించెను. ఆయన సోలో వాయించుట అపురూపము, ఆయన లేని బేసీ లయ అంతకన్న అపురూపము.

ఇక నా వంశనిర్ణయము. షికాగోలోని హార్మొనీ, కే కంపెనీలు గిటార్లను అసంఖ్యాకముగా చేసి, తపాలా ద్వారా సరుకమ్ము వర్తకులకు వారి వారి పేర్లతోనే అందించెడివి. అందుచేత పేరు కానరాని ప్రతి ఆర్చ్‌టాప్‌ను షికాగోకు అంటగట్టుట చూపరులకు అలవాటైనది. నన్నును అట్లే అంటగట్టిరి. మరియొక వర్తకుడు మాత్రము నా నడుము వంపును చూచి కన్నులు మెరయగా, తలమీద ముత్యపుచిప్పతో గిబ్సన్ అని పొదిగించినచో వెల పదిరెట్లగునని మరమ్మతు చేయు పనివాని చెవిలో చెప్పెను. పనివాడు నన్ను తిరిగి పెట్టెలో పెట్టి వాని చేతికిచ్చెను. అంతకన్న మర్యాదగా కాదనుటను నేనెరుగను.

తుదకు నన్ను కొన్న దుకాణమువాడు నా తలను విడిచి కడుపులోనికి చూచెను. మొదట ఎఫ్-రంధ్రపు అంచును భూతద్దముతో పరిశీలించెను: అక్కడ కొయ్యమందము బట్టబయలుగా నుండును, అతికిన పొరలున్నచో అట్టపుటలవలె కనబడును, తొలిచిన ఏకఖండమైనచో పైనున్న చారలే మందములోనికి దిగిపోవును. నా స్ప్రూస్ పలకయందు చారలు దిగియుండెను. మీ బొబ్బిలి పనివారు పనసదుంగను తొలిచి వీణ దీసినట్లు నన్నును తొలిచియే తీసిరి. పిమ్మట గది చీకటిచేసి అతినీలలోహిత దీపము పట్టెను. పాత నైట్రోసెల్యులోజు పూత ఆ వెలుగున పసుపుపచ్చగా మెరసెను, తలయు మెడయు మాత్రము ఉలుకుపలుకు లేక నల్లగా నుండెను. చివరకు పంటివైద్యుల చిన్నయద్దమును లోనికి దూర్చి, మెడను దేహమునకు బిగించిన దిమ్మమీద దీపము ప్రసరింపజేయగా, మాసిన సిరాముద్రలో కొన్ని అంకెలును, వానికి ముందు తిరగబడిన రెండక్షరములును అద్దమున కనబడెను: ఇ, కె.

గిబ్సన్ కర్మాగారమున 1938 మొదలు 1941 వరకు ఇట్టి ముద్రయందు మొదటి యక్షరము సంవత్సరమును, రెండవది బ్రాండును తెలుపును. ఇ యనగా 1939. కె యనగా కలమజూ. ఆర్థికమాంద్యపు దినములలో గిబ్సన్‌వారు తమ ఊరిపేరనే చౌకవాద్యములను చేసి అమ్మిరి. ఎల్-5 పుట్టిన కప్పుక్రిందనే నేనును పుట్టితిని. తేడా యేమనగా, తంతుల లాగుడునకు మెడ వంగినపుడు సరిదిద్దుటకు, 1923లో పేటెంటు పొందిన ఉక్కుకడ్డీని గిబ్సన్ పేరుగల వాద్యములలో నమర్చిరి. మాకు అది పెట్టలేదు. ఆ లోపమే నా వెలను తగ్గించినది. ఆ లోపమే, ముద్రతో కలిసి, నా జన్మస్థలమునకు సాక్ష్యమైనది. గిబ్సన్‌నని నన్ను అమ్మజూచినవాడు నా తలను చెక్కించిననాడును, మెడలోని కడ్డీని ఎక్కడనుండి తెచ్చియుండును?

వెల మాట వచ్చినది గనుక చెప్పెదను. పూత మార్చిన పాతవాద్యమునకు సుమారు సగము విలువ పోవునని వ్యాపారుల వాడుక లెక్క. విద్యుద్గిటార్లు వచ్చిన పిమ్మట, 1936నాటి ఇఎస్-150 మొదలుకొని, మా అవసరమే సన్నగిల్లెను. నేడు రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు మార్టిన్ కంపెనీ చదునుపలక గిటార్లకున్న మోజు మాకు లేదు. మహనీయుల చేతిలో పడినదానికి లెక్క వేరు: గాయని మేబెల్ కార్టర్ వాయించిన 1928నాటి ఎల్-5 నాష్‌విల్‌లోని కంట్రీ సంగీత మ్యూజియమున కొలువున్నది. నన్ను వాయించినవారి పేర్లు ఎవరికిని అక్కరలేదు.

ఇప్పుడు నా మెడకు కట్టిన చీటీలో, కలమజూ బ్రాండు, 1939, గిబ్సన్ కర్మాగారమున చేసినది, తలకును మెడకును పూత మార్చబడినది, సరిదిద్దు కడ్డీ లేదు, అని వ్రాసియున్నది. క్రింద వెల కలదు, బేరమాడవచ్చును.