చిక్కదనమే బలం కాదు: ఒక ఇంజిన్ ఆయిల్ ఆత్మకథ

నేను ఇంజిన్ ఆయిల్‌ని. డబ్బా మీద నా పేరు 0డబ్ల్యు-20. ముడిచమురును మరిగించి, విడదీసి, హైడ్రోజన్‌తో శుద్ధి చేసి నన్ను తీశారు. అరుగుదలను ఆపేవి, మడ్డి పేరుకోనివ్వనివి, వేడికి నేను మరీ పల్చబడకుండా కాచేవి కొన్ని మందులు నాలో కలిపారు. మా వంశం పాతది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఎడ్లబండి ఇరుసుకు పెట్టిన కందెన మా పూర్వీకుల కోవలోదే. 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చిన అమృతలూరులో, ఒక పెట్రోలు కారు ఇంజిన్ అడుగున, ఇప్పుడు నా నివాసం. ఇక్కడి ఎండలు ఎరిగినవారికి నన్ను చూస్తే అనుమానం కలుగుతుంది. నీళ్లలా ఉన్న ఈ ఆయిల్ వేసవిని తట్టుకుంటుందా, దీనికన్నా 20డబ్ల్యు-50 లాంటి చిక్కటిది పోయిస్తే మేలు కదా అనిపిస్తుంది. ఆ అనుమానం సహజమే కానీ, దాన్ని నమ్మి ఆయిల్ మార్పిస్తే నష్టపోయేది కారు యజమానే. నా కోసం తయారైన ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, రక్షణ మాత్రం పెరగదు.

ముందుగా నా పేరు సంగతి. డబ్ల్యు ముందున్న అంకె చలిలో నా నడతను చెబుతుంది. సున్నా అంకె ఉన్నవాళ్లను మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. తర్వాతి అంకె, ఇంజిన్ వేడెక్కాక నా చిక్కదనం ఏ తరగతిలోదో చెబుతుంది. మైనస్ 35 డిగ్రీల చలి అమృతలూరుకు ఎన్నడూ రాదు కాబట్టి మొదటి అంకెతో మనకు పని లేదనుకోవచ్చు. కానీ ప్రయోగశాలలో ఆయిల్ చిక్కదనాన్ని కొలిచే రెండు ప్రామాణిక ఉష్ణోగ్రతల్లో ఒకటి 40 డిగ్రీలు, రెండోది 100. ఆ 40 డిగ్రీలు ఈ ప్రాంతంలో మే నెల మధ్యాహ్నపు వేడే. ఆ వేడిలో నా చిక్కదనం సుమారు 45 సెంటీస్టోకులు ఉంటే, 20డబ్ల్యు-50ది 150 దాటుతుంది. అంటే మండుటెండలో కారు స్టార్టు చేసినా అది నాకన్నా మూడు రెట్లకు పైగా చిక్కన. చల్లటి ఇంజిన్‌కు మన వేసవి కూడా చలికాలం లాంటిదే. పైగా ఇంజిన్‌లో నీళ్లు వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. గోవాడ దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాల్లో చాలా భాగం నేను పూర్తిగా కాగకుండానే గడిచిపోతుంది. ఆ దూరమంతా చిక్కటి ఆయిల్‌ను తోసుకుంటూ తిరగడానికి పిస్టన్లు, బేరింగులు, ఆయిల్ పంపు చేసే అదనపు శ్రమకు వెల పెట్రోలు ట్యాంకే చెల్లించాలి.

ఆ వెల ఎంత? ఫిన్లాండ్, అమెరికా పరిశోధకులు 2012లో వేసిన అంచనా ప్రకారం కారులో కాలే ఇంధన శక్తిలో మూడో వంతు రాపిడిని జయించడానికే పోతుంది. అందులో ఇంజిన్ లోపలి రాపిడి ఒక భాగం మాత్రమే కాబట్టి నా వల్ల అద్భుతాలు జరగవు. 5డబ్ల్యు-30 వాడాల్సిన ఇంజిన్‌లో 10డబ్ల్యు-30 పోస్తే మైలేజీ 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని అమెరికా ప్రభుత్వం తన వాహనదారులకు చెబుతోంది. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే సుమారు 555 లీటర్లు కావాలి. 2 శాతమంటే 11 లీటర్లు. మన రాష్ట్రంలో లీటరు 100 రూపాయలు దాటింది కాబట్టి వెయ్యి రూపాయల పైమాటే. నా ఖరీదు ఎక్కువ, ఆ మిగులు దానికే సరిపోతుందని కొందరంటారు. కొంతవరకు నిజమే. అయితే నన్ను కొనడం అదనపు విలాసం కాదు, ఆ ఇంజిన్‌కు రాసిపెట్టిన ఆహారం. వేరేది పోస్తే వారంటీ విషయంలో చిక్కులు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఎండకు నేను నీరైపోతానన్నది ఇంకొక అభ్యంతరం. ఇంజిన్ వేడిని నిర్ణయించేది బయటి ఎండ కాదు, థర్మోస్టాట్, రేడియేటరు. డిసెంబరులోనూ మేలోనూ ఇంజిన్ వేడిని అవి దాదాపు ఒకే స్థాయిలో నిలుపుతాయి. నా తరగతి ఆయిల్‌ను 150 డిగ్రీల వేడిలో, వేగంగా కోతకు (పొర మీద పొర జారే ఒత్తిడికి) గురిచేసి పరీక్షిస్తారు. అప్పుడు కూడా 2.6 మిల్లీపాస్కల్ సెకన్ల చిక్కదనం నిలుపుకోకపోతే డబ్బా మీద 20 అని వేయకూడదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం అరుగుదల గురించి. పల్చటి పొర తెగి లోహం లోహాన్ని రాసుకుంటుందన్న భయం అర్థం లేనిది కాదు. బేరింగులో రాపిడి ఎలా మారుతుందో జర్మన్ ఇంజినీరు స్ట్రైబెక్ 1902లోనే చూపాడు. ఆయిల్ పొర మందం మూడింటి మీద ఆధారపడుతుంది: చిక్కదనం, వేగం, బరువు. పొర చాలకపోతే లోహం అరుగుతుంది. చాలినదానికన్నా చిక్కనైతే ఆయిల్‌ను ఆయిలే రాసుకుని ఇంధనం వేడిగా మారిపోతుంది. అమృతలూరు చేలల్లో దమ్ము చేసే ట్రాక్టరును చూడండి. వేగం తక్కువ, బరువు ఎక్కువ, గంటల తరబడి పని. దానికి 15డబ్ల్యు-40 లాంటి చిక్కటి ఆయిల్ సబబు, నేను అక్కడ పనికిరాను. నేనున్న కారు ఇంజిన్‌లో భాగాల మధ్య సందులు సన్నగా, పంపు పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు ఉన్నాయి. ఇక్కడ నేనే సరి. ట్రాక్టరుకు పనికొచ్చిన నియమాన్ని కారుకు తగిలించడమే అసలు పొరపాటు.

కాబట్టి పల్చనే ఎప్పుడూ గొప్పదని నేను వాదించను. బాగా అరిగి ఆయిల్ తాగుతున్న పాత ఇంజిన్‌కు, కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే, ఒక మెట్టు చిక్కటిది పోయడం న్యాయమే. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, అందువల్ల నన్ను వాటిలో పోయకూడదు. ఎంత మంచి గ్రేడు అయినా గడువు దాటితే మసి చేరి, ఆక్సీకరణ జరిగి, చిక్కబడి మైలేజీని తినేస్తుంది. నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆయిల్ మార్పించే ముందు బండితో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులో ఉన్న గ్రేడే పోయమని మెకానిక్‌కు చెప్పండి.