పదహారు రెట్ల గంజి

అన్నదానము వలన కలుగు ఫలమును గూర్చి మన పౌరాణికులు ఊళ్లకు ఊళ్లు తిరిగి చెప్పినారు గాని, ఆ ఫలము ఎన్నాళ్లకు చేతికందునో, నూటికెంత చొప్పున పెరుగునో, దాత మధ్యలో కాలము చేసినచో వారసులకు చెల్లునో చెల్లదో ఆ మహానుభావులలో ఒక్కరును తేల్చి చెప్పిన పాపమున పోలేదు. ఆ కొరతను మన కాలపు అర్థశాస్త్రజ్ఞులు తీర్చినారు. ఆఫ్రికా మొదలగు పేద ప్రాంతములందు ఆకలితోనున్న శిశువు పోషణకై 1 డాలరు వెచ్చించినచో 16 డాలర్లు తిరిగివచ్చునని వారు పదేండ్ల క్రిందటనే లెక్కగట్టి లోకమునకు చాటిరి. 2024లో ప్రపంచ బ్యాంకువారు ఆ లెక్కను తిరుగదోడి, 16 కాదు, 23 అని సవరించిరి. ఆకలికి బజారులో ఇంత గిరాకి కలదను సంగతి ఆకలిగొన్నవారికి మాత్రము ఇంతవరకు తెలిసినట్లు లేదు.

ఈ లెక్కలలో మిక్కిలి రసవత్తరమైనది, ఆఫ్రికాలో ఆకలి ఖరీదెంతయని తేల్చుటకై ఆఫ్రికా సమాఖ్యయు, ప్రపంచ ఆహార కార్యక్రమమును మరికొన్ని సంస్థలును కలిసి దేశమువెంట దేశముగా సాగించిన అధ్యయనము. బాల్యమున తిండి చాలక గిడసబారిన వారి మూలమున ఇథియోపియా దేశము 2009వ సంవత్సరమున 5,550 కోట్ల బిర్రులు, అనగా జాతీయోత్పత్తిలో నూటికి 16.5 వంతులు, నష్టపోయినదట. ఈజిప్టు నష్టము నూటికి 1.9 వంతులేనట. ఈ అంకెలు ఏ గర్భమున పుట్టినవో కొంచెము దగ్గరగా పోయి చూడవలెను. రోగమునకైన ఖర్చు ఒక పద్దు, బడిలో తప్పి అదే తరగతి మరల చదివిన బిడ్డకైన ఖర్చు ఒక పద్దు. అన్నిటికంటె పెద్ద పద్దు కాయకష్టమునది. అయిదేండ్లు నిండక మునుపే కన్నుమూసిన బిడ్డ, బ్రతికి పెద్దదైయున్నచో ఎన్ని గంటలు పనిచేసియుండెడిదో గణించి, ఆ గంటలకు వెలగట్టి, ఆ మొత్తమును దేశమునకు వచ్చిన నష్టముగా వ్రాయుదురు. కన్నతల్లి ఎన్ని దినములు ఏడ్చెనను పద్దు ఆ పుస్తకమున లేదు. ఏడ్పునకు అంగడి ధర లేదు గదా! మరియు, ఈ న్యాయమును తుదముట్ట నడిపించినచో వింతలు చాలగలవు. ఆసుపత్రికి చేరకయే పోయిన బిడ్డ వలన సర్కారుకు మందుల ఖర్చు తప్పును గనుక, ఆసుపత్రి కట్టకపోవుట ఆ పద్దు క్రింద ఆదాయే. చనిపోయిన బిడ్డ బడిలో తప్పదు. కావున అక్కడను మిగులే. కూలిరేట్లు తక్కువగానున్న దేశమున పోయిన ప్రాణము వలన నష్టము తక్కువ, ఎక్కువగానున్న దేశమున ఎక్కువ. మన గ్రామ కరణములు దొంగలెక్కలు వ్రాసిరని పేరేగాని, వారిలో ఎంతటి ఘనుడును చచ్చిన శిశువును కూలిపద్దున జమకట్టిన దాఖలా లేదు.

ఇందులోని శాస్త్రము అబద్ధమని నేననను. గర్భమున పడిననాటి నుండి రెండవ పుట్టినరోజు వరకు గల 1000 దినములలో తిండి కుంటుపడినచో ఎత్తును, బుద్ధియు, రోగమును తట్టుకొను శక్తియు కుంటుపడుననుట సత్యము. ఉప్పులో చిటికెడు అయొడిన్ లేకపోవుట వలన గ్రామములకు గ్రామములే మందబుద్ధుల నిలయములగుట సత్యము. రక్తహీనయైన తల్లికి తక్కువ బరువుతో బిడ్డ పుట్టుట, ఆ బిడ్డయే ఆడుదైనచో మరల రక్తహీనయైన తల్లియగుట సత్యము. నా తగవెల్ల ఆ శాస్త్రమును చంకబెట్టుకొని ఆర్థికమంత్రి వాకిట చేతులు కట్టుకొని నిలుచున్న దౌత్యముతోడనే. ‘ఏమి చేయుదుము బాబూ, మంత్రులకు దయాధర్మముల భాష తెలియదు, రూపాయి అణాల భాషయే తెలియును’ అని ఆ దూతలు సమాధానము చెప్పుదురు. మంచిదే. కాని లాభమున్నది గనుక అన్నము పెట్టుమని నేర్పినవాడు, అంతకంటె లాభమున్న బేరము వచ్చిన నాడు అన్నము మానుమని కూడ నేర్పినవాడే యగుచున్నాడు. చమురుబావికి 30 రెట్లు వచ్చునని మరియొక పండితుడు లెక్క చూపినచో శిశువు తన వ్యాజ్యము ఓడిపోవలసినదేనా? రేపు పొలమునకు పోలేని అవిటిబిడ్డ మాటయేమి? మనుమల నెత్తి పెంచి, ఎల్లుండియో ఆవలి ఎల్లుండియో పోనున్న ముదుసలి మాటయేమి? వారికి పెట్టిన గంజి ఏ రెట్లకును రాదు. ఉత్త గంజిగనే మిగిలిపోవును.

ఆఫ్రికావారికి విస్తరి వేయుటకు ముందు లాభము చూచుకొనుట నేడు పుట్టిన అలవాటు గాదు. పశువుల మేతలోని ఖనిజలవణములను పరిశోధించి పేరుగాంచిన స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ బాయిడ్ ఆర్, కెన్యా వైద్యాధికారి గిల్క్సుతో కలిసి, పశువుల మీది దృష్టిని మనుష్యుల మీదికి త్రిప్పి, పాలు, మాంసము, రక్తము ఆహారముగాగల మసాయి మగవాడు ధాన్యముతో కడుపు నింపుకొను కికుయు మగవానికంటె 5 అంగుళములు పొడవనియు 23 పౌన్లు బరువనియు 1931లో ప్రకటించెను. కొలతలు సరియైనవే కావచ్చును. కాని అప్పటికే కికుయుల భూములనేకము తెల్లదొరల తోటలలో కలిసిపోయినవి. గుడిసెపన్ను కట్టుటకై ఆ తోటలకే కూలికి పోవలసి వచ్చినది. చిక్కిన చెక్కలో మొక్కజొన్న వేసికొని తినుచున్నవాని యెముకలలో సున్నము తక్కువైనదని కొలబద్ద పట్టుకొన్నది గాని, వాని కాళ్లక్రింద నేల తక్కువైనదను మాట ఆ కొలబద్దకు అందలేదు. కూలివాని కండ బలిసినచో తోట రాబడి పెరుగునను ఆశ దొరతనమువారికి ఉండనే యున్నది. నేటి రెట్ల లెక్కకు తాతగారు ఆ ఆశయే.

తరువాత వేరుసెనగ కథ వచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట బ్రిటనున కొవ్వులకు కటకటగా నుండగా, యునైటెడ్ ఆఫ్రికా కంపెనీకి చెందిన ఫ్రాంక్ శామ్యూల్ అను దొరకు 1946లో ఒక ఆలోచన తోచినది: టాంగనీకాలో లక్షలాది ఎకరముల అడవికొట్టి వేరుసెనగ వేసినచో బ్రిటనువారి రొట్టెకు మార్గరీనును, ఆఫ్రికావారికి అభివృద్ధియు ఒక్క దెబ్బతో లభించునని. ఆహారమంత్రి స్ట్రేచీ దానిని భుజముల కెత్తుకొనెను. యుద్ధమున మిగిలిన టాంకులను ట్రాక్టర్లుగా మార్చి పంపిరి. కోంగ్వా ప్రాంతపు గోగోజాతివారు, ఇక్కడ వానను నమ్మరాదని తరతరములుగా ఎరిగినవారై, పశువుల మందలను నమ్ముకొని బ్రతుకుచుండిరి. వారిని సలహా యడుగుట ప్రణాళికలో లేదు. బావొబాబు మ్రాకులు యంత్రముల పండ్లూడగొట్టినవి. వాన మొగము చాటువేసినది. నేల ఎండి రాయియైనది. రాతిలో ఊరిన కాయను పెరుకు యంత్రమును లండనులో ఎవ్వరును కనిపెట్టియుండలేదు. 1951లో ప్రభుత్వమువారు ఆ పథకమునకు నీళ్లు వదలి, 3 కోట్ల 60 లక్షల పౌన్లను రానిబాకీ క్రింద కొట్టివేసిరి.

అటుపిమ్మట మాంసకృత్తుల యుగము. అక్రా నగరపు ఆసుపత్రిలో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, తమ్ముడో చెల్లెలో పుట్టగానే తల్లిపాలకు దూరమై మొక్కజొన్న జావ మీద పడి వాచిపోవు బిడ్డలను శ్రద్ధతో పరిశీలించి 1933లో ఆ వ్యాధిని వర్ణించినది. క్వాషియోర్కరను ఆ పేరుకూడ అక్కడి తల్లుల నోట వినినదే. అంతవరకు ధర్మముగనే యున్నది. కాని రెండు దశాబ్దములు తిరుగునప్పటికి ఆ వాచిన బిడ్డ ప్రపంచవ్యాప్తమైన ‘మాంసకృత్తుల అగాధము’గా మారిపోయినది, ఐక్యరాజ్యసమితిలో సలహాసంఘములు వెలసినవి, 1968లో ముంచుకొని వచ్చుచున్న మాంసకృత్తుల సంక్షోభమును గూర్చి నివేదికయే వెలువడినది. పశ్చిమదేశముల గిడ్డంగులలో పేరుకొనిపోయిన పాలపొడికి చోటు దొరకినది, చేపలను పిండిచేసిరి, తుదకు పెట్రోలియము మీద ఈస్టును పెంచి దానినుండి మాంసకృత్తులు తీయవచ్చుననిరి. ఈ హడావిడి జరుగుచుండగా హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్‌గారు, వాచిన బిడ్డయు ఎండిపోయిన బిడ్డయు తినుచున్నది ఒక్క తీరు తిండియేననియు, కడుపు నిండ తిండి లేకపోవుటయే మూలమనియు నెమ్మదిగా చెప్పుచుండిరి. నెమ్మదిగా చెప్పినమాట జెనీవాకు చేరుటకు కాలము పట్టును. 1973లో నిపుణులసంఘము మనిషికి కావలసిన మాంసకృత్తుల ప్రమాణమును తగ్గించి వ్రాయగా, ఆ మహాగాధము కలముపోటుతో పూడిపోయినది. మరుసటి యేట మెక్‌లారెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఈ యుదంతమునంతటిని ఘనమైన అభాసుగా అభివర్ణించెను. పాలపొడి డబ్బాలకు మాత్రము అభాసు అంటలేదు. వాని వ్యాపారుల మాటలు నమ్మి రొమ్ముపాలు మాన్పి, మురికినీళ్లలో పొడి కలిపి పట్టిన తల్లుల కథ వేరొక వ్యాసమునకు చాలును.

ఆఫ్రికా ప్రభువులు తామేమి చేసిరని అడుగవచ్చును. తీర్మానములు చేసిరి. 2003లో మపుటోలో కూడి బడ్జెటున నూటికి 10 వంతులు వ్యవసాయమున కిత్తుమనిరి. 2014లో మలాబోలో కూడి మరల అదే మాటయని, 2025 నాటికి ఆకలినే లేకుండ చేయుదుమనియు, గిడసబారిన బిడ్డలను నూటికి 10 మందికి దింపుదుమనియు చేర్చిరి. 2022ను పోషణ సంవత్సరమనిరి. 2025 జనవరిలో, ఆకలి చచ్చుటకు తామే పెట్టిన గడువు ఇంకను నడుచుచుండగనే, కంపాలాలో కూడి మరి పదేండ్ల గడువు వ్రాసికొనిరి. ఇంతకు మించి ఈ విషయమున వ్రాయదగినది లేదు.

వ్రాయదగినది ఆరోగ్యకేంద్రపు చెట్టునీడలో కలదు. అక్కడ నర్సు చేతిలో మూడు రంగుల పట్టీ యొకటి ఉండును, దానిని బిడ్డ యెడమచేతి జబ్బకు చుట్టి బిగించును, కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో ఎఱుపు, ఆపైన 12.5 వరకు పసుపు, అటుపైన ఆకుపచ్చ. ఎఱుపు వచ్చిన బిడ్డకు 92 గ్రాముల పొట్లములిత్తురు. వేరుసెనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, లవణములు అందులో చేరియుండును; ఒక పొట్లము 500 కెలోరీలు. తల్లి మూల చించి యిచ్చినచో బిడ్డ పిండుకొని చీకును. నీరు కలుపనక్కరలేదు, వండనక్కరలేదు. కొన్ని వారములలో పట్టీ పచ్చరంగునకు జరుగును. ఈ పొట్లమును ఆక్షేపించువాడు కృతఘ్నుడు. ఐనను, ఫ్రెంచివారి నూనెమిల్లులకై తరములపాటు వేరుసెనగ పండించిన నైజర్ దేశమున 2005లో కఱవు రాగా, అదే వేరుసెనగ ఫ్రాన్సులోని నార్మండీ నుండి పొట్లమై విమానమెక్కి వచ్చుటలోని సొగసును గమనింపకుండుట కష్టము. నియమే నగరముననే దానిని తయారు చేయుట తరువాతి మాట.

పచ్చరంగు వచ్చిన బిడ్డ ఇంటికి పోవును. ఇంట నేమున్నది? మలావీలోనైనచో న్సిమా, అనగా మొక్కజొన్నపిండి ముద్ద, ఉన్నది. 2005 తరువాత అక్కడి సర్కారు రైతులకు ఎరువులు చౌకగా నిచ్చి గాదెలు నింపినది, పొరుగుదేశమునకు ఎగుమతియు చేసినది, లోకమంతయు ఆశ్చర్యపడినది. పదేండ్లు గడచిన పిమ్మట, 2015-16 సర్వేలో, అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 37 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారే. అక్కడి తల్లులకు ఇందులో రహస్యమేమియు లేదు. దంచిన వేరుసెనగపొడి జావలో కలిపినచో, ఎండుచేపలు నాలుగు నలిపి వేసినచో, ఇంత గ్రుడ్డు పెట్టినచో బిడ్డ కోలుకొనునని వారెరుగుదురు. పొలము పనియు, కట్టెలును, నీళ్లును, చంకబిడ్డయు తన మీదనే యుండగా ఆ పొడి దంచుటకు పొద్దును, ఆ చేప కొనుటకు కాసును ఎవరిచ్చెదరో వారెరుగరు. వారికి పోషకాహార పాఠము చెప్పుటకు వచ్చిన కారులోని పెట్రోలు ఖరీదుతో ఎన్ని గ్రుడ్లు వచ్చునో ఏ అధ్యయనమును లెక్కింపలేదు. ఇట్టి లెక్కలు వేయుట సభ్యత గాదు కాబోలు.

ఇక 2025. జనవరిలో అమెరికా ప్రభుత్వము విదేశసాయమును దాదాపు అంతటిని 90 దినములు స్తంభింపజేసినది. ఫిబ్రవరిలో, ఈ వేరుసెనగ పొట్లములు చేయు తమ దేశపు కర్మాగారముల ఒప్పందములనే రద్దుచేసి, గగ్గోలు పుట్టగా మరల పునరుద్ధరించినది. 23 రెట్లు వచ్చు బేరమును చేతులార వదలుకొని లేచిపోవు షావుకారును మన ఊళ్లలో ఎవరైన చూచితిరా? ఆ లెక్కను ఆయన ఎన్నడును నమ్మియుండడు. లేదా నమ్మినను, ఆ 23 డాలర్లు వాషింగ్టను ఖజానాకు గాక, ఇరువదేండ్లకు పెద్దవాడైన ఏ ఇథియోపియా రైతు చేతికో వచ్చునని ఆలస్యముగా గ్రహించియుండును. దానమును పెట్టుబడియని పిలిచినందుకు పర్యవసానమిది: దాత సిగ్గుపడవలసిన చోట మదుపరి వాటా అమ్ముకొని పోయినాడు, అందుకు వానిని తప్పుపట్టు మాట మన దూతల నిఘంటువులో లేకపోయినది.

ఆ సాయము నిలిచిపోగా, అదే ఫిబ్రవరిలో సూడానున, యుద్ధము నడుమ వాడవాడల యువకులు కలిసి పప్పును, చిక్కుడుగింజలను ఉడికించి పెట్టుచున్న వంటశాలలు వేయికి పైగా మూతపడినవి. అప్పటికి ఆరు నెలల ముందే అక్కడి నిర్వాసితుల జంజమ్ శిబిరమున కఱవున్నదని నిపుణులు నిర్ధారించియుండిరి. ఆ కుండల యొద్ద నిలిచిన కుఱ్ఱవాండ్రు వరుసలో నిలువబడినవానిని నీవు పెద్దవాడవై ఎంత సంపాదింతువని అడుగలేదు. మార్చినెలలో పారిసున పోషణసభ వైభవముగా జరిగినది. 2,700 కోట్ల డాలర్లకు పైగా వాగ్దానములు వెలువడినవి. పెట్టుబడి, రాబడి, మానవమూలధనము అను మాటలు మరల మ్రోగినవి. అందులో ఖర్టూము పప్పుకుండకు వాటా యెంతయని అడుగుట పద్ధతి గాదు. యుద్ధము నడుచుచున్న చోట రాబడికి పూచీ లేదు.